ముసురులో అరకు ఘాట్ గ్రూప్ రైడ్: ఎక్కేటప్పుడు కాదు, ఆగినప్పుడు జాగ్రత్త

మీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. విశాఖ నుంచి పన్నెండు మంది సైకిళ్ల మీద, నవంబరు ఆఖరి శనివారం పొద్దున్నే బయల్దేరి ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్లి, ఆదివారం తిరిగి రావాలని ప్లాన్. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది, ముసురు పట్టేలా ఉంది. సగం మందికి ఘాట్ కొత్త. అందరికంటే గట్టిగా తొక్కే ఒకాయన మాత్రం "అరకు చలి కూడా ఒక చలేనా, ఇదేమన్నా హిమాలయాలా" అంటున్నాడు. వెళ్లొచ్చా, వెళ్తే ఏం వేసుకోవాలి అని అడిగారు.

వెళ్లొచ్చు. ముందు ఒక్క షరతు. శుక్రవారం సాయంత్రం వాతావరణ శాఖ బులెటిన్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి ఆరెంజ్ అలర్ట్ గానీ రెడ్ అలర్ట్ గానీ ఉంటే రైడ్ లేదు, దాని మీద చర్చ కూడా అక్కర్లేదు. అది చలి గురించి కాదు. అంత వాన పడితే ఘాట్‌లో కొండచరియలు జారతాయి, గెడ్డలు, అంటే కొండ వాగులు, రోడ్డెక్కుతాయి. కల్వర్టు మీద నుంచి నీళ్లు పారుతుంటే మోకాలు లోతే కదా అని సైకిల్ భుజాన వేసుకుని దాటే వీరులు ప్రతి గ్రూపులో ఒకరుంటారు. ఆ ఒకరు ఎవరో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఎల్లో అలర్ట్, మామూలు ముసురు, ఆగి ఆగి పడే జల్లు అయితే వెళ్లొచ్చు, బాగానే ఉంటుంది కూడా. వానలో తడిసిన కాఫీ తోటలు, వాటి మధ్య సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియం తీగలు, మలుపు తిరిగేసరికి ముక్కుకి తగిలే తడిమట్టి వాసన, ఇవన్నీ ఎండాకాలం కారులో వెళ్లేవాళ్లకి దొరకవు.

ఇక ఆ "చలేనా" అన్న ఆయన సంగతి. విశాఖ సముద్రమట్టం దగ్గర ఉంది, మీ రూట్లో ఎత్తైన చోటు గాలికొండ వ్యూ పాయింట్, దాదాపు 1,300 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గుతుందని లెక్క. విశాఖ శివార్లలో పెందుర్తిలో 24 ఉంటే పైన 16 చుట్టూ ఉంటుంది, తెల్లవారుజామున అయితే ఇంకా కిందకి. పదహారు అంటే స్వెట్టర్ కూడా అక్కర్లేని చలి, నిజమే. ఒళ్లు పొడిగా ఉండి, గాలి లేకపోతే. తడి బట్ట ఒంటికి అంటుకుంటే కథ వేరు, ఎందుకంటే నీళ్లు ఒంట్లో వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. ఆ తడి మీద గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో దిగుతూ గాలి కొట్టించుకుంటే ఆ పదహారు పదహారులా ఉండదు. మన ఒంటి లోపలి వేడి మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది 35 కంటే దిగితే డాక్టర్లు హైపోథర్మియా అంటారు. అంటే మధ్యలో ఉన్నది రెండే రెండు డిగ్రీలు. దానికి మంచు కురవక్కర్లేదు, గడ్డకట్టే చలీ అక్కర్లేదు. అలిసిపోయి, ఆకలితో, తడిసి, గాలిలో నిలబడి ఉంటే చాలు.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది ఘాట్ ఎక్కడం గురించే టెన్షన్ పడతారు. ఎక్కేటప్పుడు చలి వేయదండీ. ఒళ్లు ఇంజన్‌లా వేడెక్కి ఉంటుంది, వానలో కూడా చెమట పడుతుంది, జెర్సీ జిప్పు పూర్తిగా తీసేసుకుని ఎక్కుతారు. చలి పట్టుకునేది రెండు చోట్ల: ఆగినప్పుడు, దిగేటప్పుడు. ఆగిన ఐదు నిమిషాలకి ఇంజన్ చల్లబడుతుంది, చెమట, వాన కలిసి బట్టలు మాత్రం తడిగానే ఉంటాయి. ఒంటరిగా వెళ్లేవాడికి ఇది పెద్ద సమస్య కాదు, వాడు వాడి ఇష్టం వచ్చినట్టు కదులుతూనే ఉంటాడు. పన్నెండు మంది గ్రూపులో ఉన్నదంతా ఆగడమే. ఒకడికి పంక్చర్, పదకొండు మంది వానలో నిలబడి సలహాలిస్తారు. ఇంకొకడికి చైన్ జారుతుంది. ఒకళ్లు ఫోటో అంటారు. ముందు ఎక్కేసినవాళ్లు వెనకవాళ్ల కోసం వ్యూ పాయింట్ దగ్గర ముప్పావుగంట కాచుక్కూర్చుంటారు. ఆ ముప్పావుగంటలో గడ్డకట్టేది ఎవరంటే, అందరికంటే గట్టిగా తొక్కి, అందరికంటే ముందు పైకి చేరి, అందరికంటే తక్కువ బట్టలు తెచ్చుకున్న మీ "చలేనా" గారే. ఇది శాపం కాదు, ప్రతి గ్రూపులో జరిగేదే చెప్తున్నాను.

అందుకని ప్లాన్ మొత్తం ఎక్కడ తొక్కాలి అన్నదాని చుట్టూ కాకుండా ఎక్కడ ఆగాలి అన్నదాని చుట్టూ వేసుకోండి. నేను పట్టుకునే నియమం ఒకటే: పైన కప్పు, చుట్టూ గోడ, చేతికి వేడి టీ, ఈ మూడూ ఉన్నచోటే గ్రూపు కలుస్తుంది. ఆ లెక్కన మీ రూట్లో ఎస్.కోట ఒకటి, అక్కడ కడుపునిండా టిఫిన్. తర్వాత ఘాట్ మొదలయ్యే ముందు కాశీపట్నం దగ్గర చిన్న ఆగడం, గాలి, బ్రేకులు చూసుకోవడానికి. ఆ తర్వాత అనంతగిరి. ఆ తర్వాత అరకే. టైడా దగ్గరా, డముకు దగ్గరా, గాలికొండ దగ్గరా కలుద్దాం అనే మాటే వద్దు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటారు, ఆగాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. ఎండ ఉన్న రోజు ఆగండి. ముసురు రోజు అది గాలి ఎదురుగా వచ్చి కొట్టే చోటు, మబ్బులో ఎలాగూ ఏమీ కనపడదు, పొత్తు కొని జేబులో పెట్టుకుని కదలండి.

పన్నెండు మందిని ఒకే గుంపుగా తీసుకెళ్లొద్దు. వేగాన్ని బట్టి నలుగురేసి మూడు గుంపులు చేయండి. ఒక్కో గుంపులో ఘాట్ తెలిసినవాళ్లు ఒకరైనా ఉండాలి, నలుగురి దగ్గరా కలిపి పంపు, రెండు ట్యూబులు, టైర్ లీవర్లు, చైన్ కట్టర్ ఉండాలి. నెమ్మది గుంపుని అందరికంటే ముందు, అరగంట ముందు పంపేయండి. అలా అయితే పైన కాచుకోవడం సగానికి సగం తగ్గిపోతుంది, వెనకబడ్డాం అన్న సిగ్గుతో కొత్తవాళ్లు శక్తికి మించి తొక్కడమూ ఉండదు. పంక్చర్ అయితే ఇద్దరు ఆగుతారు, మిగతా ఇద్దరు తర్వాతి కప్పు దాకా వెళ్లిపోతారు. ఇది చెడ్డగా అనిపిస్తుంది, స్నేహితుణ్ని వదిలేసి వెళ్తున్నట్టు. కానీ నలుగురు వణకడం కంటే ఇద్దరు వణకడం నయం కదా. ఆ ఆగిన ఇద్దరూ చక్రం విప్పే ముందు జాకెట్ వేసుకోవాలి, తర్వాత కాదు. వేళ్లు కొంకర్లు పోయాక టైరు రిమ్ము మీదకి ఎక్కదు, పది నిమిషాల పని అరగంట అవుతుంది.

మీరు అడిగిన రెండో ప్రశ్న, ఏం వేసుకోవాలి. మొదట ఏం వేసుకోకూడదో చెప్తాను: నూలు బనియన్. మనకి చొక్కా కింద బనియన్ చిన్నప్పటి అలవాటు, జెర్సీ కింద కూడా వేసేస్తాం. నూలు నీళ్లు పీల్చుకుని ఆరదు, ఛాతీ మీద తడిగుడ్డ పరుచుకున్నట్టే. దాని బదులు స్పోర్ట్స్ షాపుల్లో దొరికే పల్చటి పాలిస్టర్ బనియన్ చాలు, ఉన్ని ఉంటే ఇంకా మంచిది, తడిసినా కొంత వేడి పట్టి ఉంచుతుంది. దాని మీద జెర్సీ. ఆ పైన గాలి దూరని పల్చటి జాకెట్, మడిస్తే జేబులో పట్టేది. బైకు వాళ్లు వేసుకునే మందపాటి రెయిన్‌కోటు సైకిల్‌కి పనికిరాదు, ఎక్కేటప్పుడు లోపల చెమటతోనే నానిపోతారు, దిగేటప్పుడు దాని కొంగులు తెరచాపలా ఎగురుతాయి, ప్యాంటు అంచు చైన్లో పడితే పళ్లూడతాయి. వాటర్‌ప్రూఫ్ అని వేలకి వేలు పోసి కొనమని కూడా నేను చెప్పను. ఆరేడు గంటలు వానలో తొక్కితే ఎంత ఖరీదు జాకెట్ అయినా లోపల తడి చేరుతుంది. పొడిగా ఉండటం మీ లక్ష్యం కాదు, అది కుదరదు. తడిసినా వెచ్చగా ఉండటం, గాలి తగలకుండా చూసుకోవడం, అదీ లక్ష్యం.

చేతులు, పాదాలు, తల. వేళ్లు లేని గ్లోవ్స్‌తో పాటు నిండు వేళ్లవి కూడా తెచ్చుకోండి. వాటి కింద మెడికల్ షాపులో దొరికే పల్చటి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుంటే గాలి అస్సలు దూరదు, ధర కూడా ఏమంత ఉండదు. పాదాలకి సాక్సు మీద ఒక పల్చటి కవరు, ఆ పైన షూ. హెల్మెట్ కింద పల్చటి టోపీ. అరకులో బస్సు దిగిన ప్రతి టూరిస్టూ పెట్టుకునే మంకీ క్యాప్ ఉంది చూశారూ, అది హెల్మెట్ కింద పట్టదు, రాత్రికి ఉంచుకోండి. హెల్మెట్ మీద బాత్రూములో పెట్టుకునే షవర్ క్యాప్ తగిలించండి, చూడటానికి నవ్వొస్తుంది, పనిచేస్తుంది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. ఒక పొడి బనియన్, రెండు పాలిథిన్ కవర్లలో మడిచి, గట్టిగా ముడేసి ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. బ్యాకప్ బండిలో కాదు, ఎవరిది వారి జేబులో. అనంతగిరిలో టీ తాగే ముందు తడి బనియన్ విప్పి ఇది వేసుకుని, దాని మీద తడి జెర్సీ, ఆ పైన జాకెట్. ఛాతీ ముందు నాలుగు పేజీల పాత న్యూస్‌పేపర్ పెట్టండి, టీ కొట్లో అడిగితే ఇస్తారు. యూరప్ రేసుల్లో కొండ మీద జనం దగ్గర పేపర్లు తీసుకుని జెర్సీలో దోపుకుని దిగడం ఎన్నో దశాబ్దాల అలవాటు. పేపర్ గాలిని ఆపుతుంది, అంతే, అందులో మంత్రమేమీ లేదు.

యూరప్ అన్నాను కాబట్టి మీ "చలేనా" గారికి ఇది చెప్పండి. 1988 జూన్ 5న, ఇటలీలో జరిగే జిరో డి ఇటాలియా సైకిల్ రేసు గావియా కనుమ మీదుగా వెళ్లింది. ఎత్తు 2,621 మీటర్లు, జూన్ నెలలో పైన మంచు తుపాను. కనుమ మీదకి అందరికంటే ముందు చేరినవాడు యోహాన్ వాన్ డెర్ వెల్డె, పొట్టి చేతుల జెర్సీతో. ఆ దిగుడులో చలికి ఆగిపోయి, ఆ రోజు గమ్యానికి దాదాపు 47 నిమిషాలు వెనకబడి చేరాడు. అదే రోజు రెండో స్థానంలో వచ్చి, మొత్తం మీద ముందున్నవాడికిచ్చే గులాబీ జెర్సీ తొడుక్కుని, చివరికి రేసు మొత్తం గెలిచిన ఆండీ హాంప్‌స్టన్ జట్టు ఏం చేసిందంటే, ఆ పొద్దున వాతావరణం సంగతి తెలియగానే ఊళ్లో స్కీయింగ్ సామాన్ల కొట్లకి పోయి మందపాటి గ్లోవ్స్, టోపీలు కొని పెట్టుకుంది. వాన్ డెర్ వెల్డె కాళ్లలో బలం లేక ఓడిపోలేదు.

రేసులంటే మనకెందుకు అంటారేమో, ఇంకొకటి. 2021 మే 22న చైనాలో గాన్సు రాష్ట్రంలో నూరు కిలోమీటర్ల కొండ పరుగు పందెం జరిగింది. 172 మంది బయల్దేరారు. మధ్యాహ్నానికి ఉన్నట్టుండి వడగళ్లు, చల్లటి వాన, ఈదురుగాలి. చాలామంది ఒంటి మీద పల్చటి షర్టు, నిక్కరు మాత్రమే. 21 మంది చనిపోయారు, వాళ్లలో ఆ దేశంలో పేరున్న పరుగు వీరులు కూడా ఉన్నారు. గాలి ఆపే జాకెట్ ఆ పందెంలో తప్పనిసరి సామాన్ల జాబితాలో లేదు. అరకు అంత ఎత్తు కాదు, అంత నిర్జనమూ కాదు, భయపెట్టడానికి చెప్పట్లేదు. ముందుండేవాళ్లకి చలి వేయదనే భ్రమ ఉంది చూశారూ, దానికోసం చెప్పాను.

ఇక గుర్తుపట్టడం ఎలా. ఒక డిసెంబరు రైడ్‌లో అనంతగిరి టీ కొట్టు దగ్గర మా గుంపులో ఒకబ్బాయి బాగానే నవ్వుతూ దిగాడు. గ్లాసు చేతికిచ్చాం. పట్టుకున్నాడు గానీ టీ అంచు దాటి వేళ్ల మీద పడుతోంది, వేడి తగులుతున్నట్టు కూడా లేదు, గ్లాసు వంకే చూస్తున్నాడు. హెల్మెట్ తియ్యరా అంటే గడ్డం కింద బకిల్ దగ్గర వేళ్లు పెట్టి అలా తడుముతూనే ఉన్నాడు. రెండు వైపులా నొక్కాలి కదా, ఆ నొక్కడం రావట్లేదు. ఏమైందిరా అంటే "ఏం లేదన్నా, బానే ఉన్నా" అన్నాడు, కానీ మాట మాటకీ మధ్య ఎడం ఎక్కువైంది. అంతే, ఆ రోజు వాడి రైడ్ అక్కడితో అయిపోయింది. లోపలికి తీసుకెళ్లి తడి బట్టలు విప్పించి, దుప్పటి చుట్టి, పొయ్యి ఉన్న గదిలో కూర్చోబెట్టాం. గంటకి మామూలు మనిషయ్యాడు, బొలెరోలో అరకు వచ్చాడు, రాత్రికి అందరికంటే ఎక్కువ తిన్నాడు.

చూడాల్సినవి ఇవే: చేతులతో చిన్న పని చేయలేకపోవడం, మాట తడబడటం, అడుగు తడబడటం, చిరాకు పడటం లేదా ఉన్నట్టుండి మౌనంగా అయిపోవడం. ప్రతి ఆగే చోటా అందరినీ బొటనవేలితో అదే చేతి చిటికెన వేలిని తాకించమనండి. తాకలేకపోతే వాళ్లు దిగుడు తొక్కకూడదు, బ్రేకు ఎలా పట్టుకుంటారు మరి. వణుకు ఉన్నంతసేపూ ఒళ్లు పోరాడుతోందని అర్థం. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందా, మగతగా ఉన్నాడా, అది బాగుపడటం కాదు, 108కి ఫోన్ చేయాల్సిన సమయం. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి ఆ ఫోన్ ఎవరు, ఎక్కడికి వెళ్లి చేస్తారో కూడా ముందే అనుకోండి. "బానే ఉన్నావా" అని మాత్రం అడగకండి. మన తెలుగువాళ్లలో ఆ ప్రశ్నకి బానే ఉన్నా అనే జవాబు తప్ప ఇంకోటి రాదు.

అలాంటి మనిషికి చేయాల్సింది: గాలి లేని చోటికి తేవడం, తడి బట్టలు పూర్తిగా విప్పడం, పొడి బట్ట, టోపీ, దుప్పటి. మెలకువగా ఉండి మింగగలిగితే వేడిగా, తియ్యగా టీ, పంచదార దండిగా. వేడినీళ్లు పోసిన సీసాలు గుడ్డలో చుట్టి చంకల్లో, ఛాతీ దగ్గర పెట్టొచ్చు. చేయకూడనివి: చేతులు కాళ్లు గట్టిగా రుద్దడం, ఒక్కసారిగా మరిగే నీళ్లతో స్నానం చేయించడం, మందు పోయడం. ఈ మందు విషయంలో ప్రతి గ్రూపులో గొడవే. రెండు పెగ్గులేస్తే చలి పోతుందంటారు, ఏజెన్సీలోకి వచ్చాం కదా జీలుగు కల్లు రుచి చూద్దామంటారు. మందు తాగితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, వెచ్చగా అనిపిస్తుంది, ఆ వెచ్చదనం లోపలి నుంచి బయటికి పోతున్న వేడే. అరకు చేరి, తల తుడుచుకుని, పొడి బట్టలు కట్టుకుని, అన్నం తిన్నాక ఎవరిష్టం వాళ్లది.

తిండి గురించి. వానలో ఎవరూ తినరు. గ్లోవ్స్ తీయాలి, జేబులో చెయ్యి పెట్టాలి, కవరు చింపాలి, ఇదంతా బద్ధకం. దాహం కూడా వేయదు. కానీ చలికి మూత్రం ఎక్కువ పోతుంది, వణుకుకి ఒంట్లో చక్కెర కరిగిపోతుంది, పొయ్యిలో కట్టెలు అయిపోతే మంట ఎక్కడిది. పల్లీ చిక్కీ, ఖర్జూరం, నువ్వుండలు ముందు రోజే కవర్లు విప్పి, ముక్కలు చేసి ఒక చిన్న సంచిలో వేసుకోండి, గ్లోవ్స్‌తోనే తీసుకునేలా. అరగంటకొకసారి ఏదో ఒకటి నోట్లో వేయాలి. ఎస్.కోటలో ఇడ్లీ మాత్రమే తిని ఘాట్ ఎక్కేద్దామనుకునేవాళ్లని మళ్లీ కూర్చోబెట్టి ఇంకో దోసె తినిపించండి.

దిగుడు. గాలికొండ దాటాక సుంకరమెట్ట వైపు దిగేటప్పుడు, మరీ ముఖ్యంగా ఆదివారం అనంతగిరి నుంచి కాశీపట్నం దిగేటప్పుడు. రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచునే పట్టి ఆపేవి, ఉన్న సైకిళ్లకి తడిలో బ్రేకు పట్టగానే ఏమీ జరగదు, రిమ్ము మీద నీళ్లు తుడుచుకున్నాకే పట్టు దొరుకుతుంది, చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగేసరికి మలుపు వచ్చేసి ఉంటుంది. అందుకని మలుపుకి చాలా ముందే, నిటారుగా ఉన్నప్పుడే మెల్లగా పట్టి వదులుతూ రండి, మలుపులో వాలి ఉన్నప్పుడు పట్టొద్దు. డిస్క్ బ్రేకులవాళ్లు ముందు ఆగిపోతారు, వెనకున్న రిమ్ బ్రేకువాడు వచ్చి గుద్దుతాడు. మనిషికీ మనిషికీ మధ్య కనీసం ముప్పై మీటర్లు వదలండి, ఏ బ్రేకువాడు ఎవరి వెనకున్నాడో చూసుకోండి. బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించుకుని రండి, తడిలో ఇసుక, మట్టి కలిసి ఒక్క ఘాట్‌లోనే ప్యాడ్లని తినేస్తాయి. టైర్లలో గాలి మామూలు కంటే ఐదు, పది పాయింట్లు (పీఎస్ఐ) తక్కువ పెట్టండి. రోడ్డు మీద తెల్ల గీతలు, రాలిన ఆకులు, పేడ, డీజిల్ మరకలు, వీటి మీద బ్రేకు ముట్టుకోవద్దు. ఎర్రమట్టి బురద కొట్టుకొచ్చినచోట, లేదా రోడ్డు పనులు జరుగుతున్నచోట దిగి నడిపించుకోండి, పరువేమీ పోదు.

దిగేటప్పుడు కాళ్లు ఆపొద్దు, బరువు లేకపోయినా తిప్పుతూ ఉండండి. వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తూ ఉండండి. వణుకు ఎక్కువై హ్యాండిల్ ఊగడం మొదలైతే కంగారు పడి గట్టిగా బిగించకండి. రెండు మోకాళ్లతో ఫ్రేమ్ పై గొట్టాన్ని నొక్కి పట్టి, మెల్లగా వేగం తగ్గించి ఆగండి. ఆగి నాలుగు అడుగులు పరిగెత్తినట్టు నడవండి, ఒళ్లు మళ్లీ వేడెక్కుతుంది. ఎదురుగా బస్సు హారన్ వినిపిస్తే మలుపుకి ముందే ఎడమ పక్కకి ఒదిగిపోవాలి. ఘాట్‌లో ఎక్కే బండికే దారి, దిగేది మనం. పొగమంచులో వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు పగలైనా వెలుగుతూ ఉండాల్సిందే. టూరిస్టు కార్ల వాళ్లకి ఆ మబ్బులో సైకిల్ అనేది ఊహలో కూడా ఉండదు.

టైమింగ్. నవంబరు ఆఖర్లో మన వైపు సాయంత్రం ఐదుం పావు, ఐదున్నర మధ్య సూర్యుడు వెళ్లిపోతాడు, ముసురులో, చెట్ల కింద నాలుగున్నరకే చీకటి. విశాఖ నుంచి అరకు ఇంచుమించు 115 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితే ఎనిమిదింటికల్లా ఎస్.కోట. ఒంటిగంట దాటినా ఎవరైనా అనంతగిరి చేరకపోతే వాళ్లు ఉన్నచోటి నుంచే బండిలో వస్తారు. ఈ గడువు శుక్రవారమే అందరితో ఒప్పించండి. తడిసి, అలిసి, పంతం పట్టిన మనిషితో రోడ్డు మీద వాదించి గెలవలేరు. నిర్ణయం ఒక్కరిదే కావాలి, ఆ ఒక్కరు గ్రూపులో గట్టిగా తొక్కేవాళ్లు కాకుండా నలుగురూ మాట వినేవాళ్లయితే మంచిది. మా గ్రూపులో ఆ పని ఒక రిటైర్డ్ టీచర్ గారు చేస్తారు, ఆవిడ బండి ఎక్కు అంటే ఎక్కడమే, ఎదురు చెప్పినవాణ్ని ఇంతవరకు చూడలేదు.

బ్యాకప్ బండి తప్పనిసరి. కారు సరిపోదు, సైకిళ్లు పట్టే బొలెరో లాంటి ట్రాలీ బండి మాట్లాడుకోండి. అందులో ఆరు దుప్పట్లు, పాత తువ్వాళ్లు, ఫ్లాస్కుల్లో వేడి నీళ్లు, ప్రతి ఒక్కరి పొడి బట్టల సంచి, ప్రతి సంచి మీద పేరు. డ్రైవర్ అందరికంటే వెనక ఉండాలి. ముందుకెళ్లి అరకులో బొంగు చికెన్ తింటూ మనకోసం చూస్తూ ఉంటే ఆ బండి ఎందుకు. ఆర్టీసీ బస్సు మీద సైకిళ్లు ఎక్కించుకుని పోదాంలే అనే ధీమా పెట్టుకోకండి, పన్నెండు సైకిళ్లు ఏ కండక్టర్ ఎక్కించుకుంటాడు.

ఆదివారం తిరుగు ప్రయాణం గురించి మీరు అడగలేదు, కానీ చాలా గ్రూపులకి దెబ్బ పడేది అక్కడే. శనివారం అందరూ జాగ్రత్తగా ఉంటారు. ఆదివారం పొద్దున్న తడి షూ, తడి జెర్సీ వేసుకుని, నిద్ర చాలక, సుంకరమెట్ట నుంచి పైకి ఎక్కి, మళ్లీ చెమట పట్టి, వెంటనే పొడుగాటి దిగుడు. అందుకని శనివారం రాత్రి గదికి చేరగానే షూల లోపలి అట్టలు బయటికి తీసి, న్యూస్‌పేపర్ ఉండలు కుక్కండి, పడుకునే ముందు ఆ పేపర్ మార్చండి. చైన్ తుడిచి నూనె వేయండి. బ్రేకు ప్యాడ్లు చూడండి, గాడి అరిగిపోయి ఉంటే అక్కడే మార్చాలి. ఆదివారం కూడా వాన ఇలాగే ఉంటే, కొత్తవాళ్లు ఆరుగురినీ, వాళ్ల సైకిళ్లనీ కాశీపట్నం దాకా బండిలో దింపి, అక్కడి నుంచి విశాఖ తొక్కించండి. కింద ఎండ కాస్తుండొచ్చు కూడా.

మీ వాళ్ల సైకిళ్లలో రిమ్ బ్రేకులవి ఎన్ని, డిస్క్‌వి ఎన్ని, బండి కుదిరిందో లేదో రాస్తే గుంపులు ఎలా విడగొట్టాలో చెప్తాను.